ఆ ఒక్క సెంటు ఎక్కడికి పోయింది?

మూడు ముప్పైమూళ్లు ఎంత? నిద్రపోతున్న పిల్లవాణ్ని లేపి అడిగినా తొంభైతొమ్మిది అంటాడు. ఎకరానికి సెంట్లు మాత్రం నూరు. మరి ఎకరం పొలాన్ని ముగ్గురు అన్నదమ్ములు తలా ముప్పైమూడు సెంట్లు పంచుకుంటే మిగిలిన ఆ ఒక్క సెంటు ఎవరిది?

మా మండలంలోని ఒక ఊళ్లో రెండేళ్లుగా నలుగుతున్న తగాదా ఇది. పేర్లు రాయవద్దని మూడిళ్ల వారూ కోరినందువల్ల రాయడం లేదు. నలభయ్యేళ్ల కిందట తండ్రి తాను బతికుండగానే రోడ్డు పక్కనున్న ఎకరాన్ని ముగ్గురు కొడుకులకూ పంచి ఇచ్చాడు. దస్తావేజులో ఒక్కొక్కరి పేర ముప్పైమూడు సెంట్లని రాశారు. పాసు పుస్తకాల్లోకీ అదే ఎక్కింది. వరి పండినన్నాళ్లూ ఆ సెంటు సంగతి ఎవరికీ పట్టలేదు. తర్వాత రోడ్డు వెడల్పయింది. పక్క పొలాలు ఇళ్ల స్థలాలయ్యాయి. బేరాలు గజాల లెక్కన మొదలయ్యాయి. సెంటంటే 48.4 చదరపు గజాలు. అప్పుడు అందరికీ గుర్తొచ్చింది.

పెద్దాయన జ్యేష్ఠభాగం కింద అది తనదేనన్నాడు. చిన్నాయన, పంటకాలువ వైపు చివర మిగిలింది కాబట్టి తనదన్నాడు. పొలం రోడ్డు వెంబడి 198 అడుగులు, లోతు 220 అడుగులు. ఆ లోతున సెంటు భూమి అంటే రెండడుగులకు పావంగుళం తక్కువ వెడల్పున్న పట్టీ. దానికోసం ఇద్దరూ రాత్రికి రాత్రి సరిహద్దు రాళ్లు లోపలికి జరిపారు. అటు ముప్పైనాలుగు, ఇటు ముప్పైనాలుగు పోగా, నోరు మెదపని రెండో ఆయనకు నడుమన ముప్పైరెండు సెంట్లు మిగిలాయి. గత సంక్రాంతికి ఒక ఇంటి అరిసెలు ఇంకో ఇంటికి వెళ్లలేదు.

ఈ తగాదాలోకి లెక్కల పుస్తకం ఎలా వచ్చిందన్నదే అసలు కథ.

రెండో ఆయన మనవరాలు ఊరి ఉన్నత పాఠశాలలో తొమ్మిదో తరగతి చదువుతోంది. ఎన్.సి.ఇ.ఆర్.టి. వారు 2006లో తెచ్చిన తొమ్మిదో తరగతి లెక్కల పుస్తకంలో మొదటి పాఠంలోనే ఒక ప్రశ్న ఉంది. సున్నా పక్కన బిందువు పెట్టి, తర్వాత అంతు లేకుండా తొమ్మిదులు రాసుకుంటూ పోతే వచ్చే సంఖ్యను భిన్నంగా మార్చమంటుంది. జవాబు చూసి ఆశ్చర్యం వేసిందా అని కూడా ఆ పుస్తకమే అడుగుతుంది. జవాబు 1. అర్ధమో ముప్పావో కాదు, నిండు ఒకటి. మాస్టారు బోర్డు మీద ఈ లెక్క వేసినప్పుడు ఆ పిల్ల లేచి నిలబడి, "మూడో వంతులు మూడు కలిపితే ఒకటికి ఒకటీ వచ్చేటట్టయితే మా తాతయ్య పొలంలో సెంటు ఎందుకు తక్కువొచ్చింది మాస్టారూ?" అని అడిగింది.

మధ్యాహ్న భోజనం వార్త కోసం ఆ బడికి వెళ్లిన ఈ విలేకరికి మాస్టారు ఈ సంగతి చెప్పారు. భోజనం వార్త వాయిదా పడింది. మర్నాడు తరగతిలో చివరి బల్ల మీద కూర్చొని పాఠం వినడానికి ఆయన అనుమతి ఇచ్చారు.

బోర్డు మీద

ఒకటిని మూడుతో భాగించండి. ఒకటిలో మూడు పోదు గనుక సున్నా చేర్చి పది చేస్తాం. మూడు మూళ్లు తొమ్మిది, శేషం ఒకటి. మళ్లీ సున్నా చేర్చితే మళ్లీ పది, మళ్లీ మూడు, మళ్లీ శేషం ఒకటి. ఎన్నిసార్లు చేసినా శేషం మారదు కాబట్టి భాగఫలంలో 3 తప్ప ఇంకో అంకె రాదు. అందుకే మూడో వంతును 0.333... అని రాసి చుక్కలు పెడతారు. అంకెలు ఇలా తిరిగి తిరిగి వస్తుంటే ఆవర్తన దశాంశం అంటారు. దాన్ని మూడుతో గుణిస్తే ప్రతి 3 ఒక 9 అవుతుంది. అంటే 0.999... వస్తుంది. కాని మూడో వంతుకు మూడు రెట్లంటే ఒకటి కదా! లెక్క ఒకటే, రాత రెండు రకాలు.

మాస్టారు చేతులెత్తమన్నారు. రెండూ సమానమే అన్నవాళ్లు అయిదారుగురు. మిగతా తరగతంతా "ఒకటికి కొంచెం తక్కువ" అనే పక్షం. పిల్లల్ని తప్పు పట్టనక్కర్లేదు. 1978లో ఇంగ్లండులో డేవిడ్ టాల్, రోల్ఫ్ ష్వార్జెన్‌బెర్గర్ అనే ఇద్దరు గణితాచార్యులు, విశ్వవిద్యాలయంలో గణితం చదవడానికి చేరిన విద్యార్థులు ఇదే ప్రశ్నకు ఏమన్నారో ప్రచురించారు. అక్కడా ఎక్కువ మంది తక్కువే అన్నారు. ఇంటర్మీడియట్‌తో చదువు ఆపేసిన ఈ విలేకరి ఆ రోజు చెయ్యెత్తి ఉంటే తక్కువ పక్షానే ఎత్తేవాడు.

రెండో పద్ధతి పరీక్షల్లో రాసేది. 0.999... ను ఎక్స్ అనుకోండి. పదితో గుణిస్తే బిందువు ఒక అడుగు కుడికి జరిగి 9.999... అవుతుంది. అందులోంచి ఎక్స్ తీసేస్తే తొమ్మిదుల తోకలు రెండూ కొట్టుకుపోయి 9 మిగులుతుంది. పది ఎక్స్‌లలో ఒకటి పోగా తొమ్మిది ఎక్స్‌లు. తొమ్మిది ఎక్స్‌లు 9 అయితే ఒక ఎక్స్ 1. స్విట్జర్లండులో పుట్టిన మహా గణితవేత్త ఆయిలర్ 1770లో వెలువడిన తన బీజగణిత గ్రంథంలో 9.999... అంటే 10 అని చూపించాడు. కాబట్టి ఇది నిన్నా మొన్నా పుట్టిన చమత్కారం కాదు.

అయినా పిల్లల ముఖాల్లో నమ్మకం కనపడలేదు. సంతలో గారడీవాడు రుమాలులోంచి పావురాన్ని తీసినప్పుడు చూసినట్టు చూస్తున్నారు. పావురం కనిపిస్తూనే ఉంది, ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు. మాస్టారు కూడా ఈ పద్ధతితో తృప్తి పడే మనిషి కాదు. అంతులేని తోకను తోకలోంచి తీసేయవచ్చునని ముందే ఒప్పుకొంటేనే గదా ఈ లెక్క సాగేది, అందుకని మార్కులకు ఇది చాలు గాని మనసుకు చాలదు అన్నారు.

ఆ మూడు చుక్కలు

అసలు కిటుకంతా అంకెల పక్కనున్న చుక్కల్లో ఉందని ఆయన వివరించారు. చుక్కలు లేని 0.99 వేరు, చుక్కలున్న 0.999... వేరు. ఎకరం మీదే చూడండి. ఒక్క తొమ్మిది దగ్గర ఆగి, ఎకరానికి బదులు 0.9 ఎకరం ఇస్తే పది సెంట్లు తక్కువ. రెండు తొమ్మిదుల దగ్గర ఆగితే సెంటు తక్కువ. మన అన్నదమ్ములు ఆగింది అక్కడే. మూడు తొమ్మిదులు రాస్తే లోటు అయిదు గజాల లోపు, అంటే రెండు నులక మంచాలు పట్టే చోటు. ఆరు తొమ్మిదులకు వస్తే పొలం మొత్తం మీద తగ్గేది అగ్గిపెట్టెలు రెండు పరిచేంత జాగా. తొమ్మిది తొమ్మిదులు రాసేసరికి తగ్గేది ఒక నువ్వుగింజ కింద దాగిపోతుంది. ఎక్కడ ఆగినా లోటు ఉంటుంది. అందులో సందేహం లేదు. తక్కువ పక్షం వాళ్లు చెప్పేదీ అదే.

కాని 0.999... అంటే ఆగినది కాదు.

ఇది ఒకటి కన్నా తక్కువే అని పట్టుబట్టేవారు, ఎంత తక్కువో చెప్పాలి. సెంటు తక్కువ అంటారా? మూడు తొమ్మిదులు రాసి అది తప్పని చూపవచ్చు. నువ్వుగింజంత తక్కువ అంటారా? పది తొమ్మిదులు చాలు. నువ్వుగింజలో లక్షో వంతు అన్నా సరే, ఇంకొన్ని తొమ్మిదులు రాస్తే అంతకన్నా దగ్గరకు పోతాం. సున్నా కన్నా పెద్దదైన ఏ లోటు పేరు చెప్పినా అది చెల్లదు. పేరు చెప్పడానికి వీలున్న లోటు ఒక్కటీ మిగలనప్పుడు లోటు లేనట్టే. రెండు సంఖ్యలు వేరువేరైతే వాటి మధ్య ఇంకో సంఖ్య ఉండి తీరాలి. రెంటినీ కలిపి సగం చేస్తే అదే వస్తుంది. 0.999... కూ 1 కీ మధ్య ఏ సంఖ్య పెడతారు? ప్రతి గడిలోనూ తొమ్మిది ఉంది. అంతకన్నా పెద్ద అంకె లేదు.

ఒక కుర్రవాడు ఊరుకోలేదు. లోటు ఉంది మాస్టారూ, సున్నాలన్నీ అయిపోయాక చివర ఒక 1 ఉంటుంది అన్నాడు. మంచి ప్రశ్నే. సున్నాలు అయిపోవు గదరా, చివరే లేనిదానికి చివర ఒకటి ఎలా పెడతావు అని మాస్టారు అడిగితే వాడు చాలాసేపు బోర్డు వంకే చూస్తూ కూర్చున్నాడు. వాడి అనుమానానికీ లోకంలో చోటుంది. సున్నా కాకపోయినా ఏ భిన్నం కన్నా చిన్నవైన సంఖ్యలను చేర్చుకొని గణితం నడపవచ్చునని అబ్రహాం రాబిన్సన్ అనే ఆచార్యుడు నిరూపించి 1966లో పుస్తకమే రాశాడు. అయితే బళ్లో చెప్పే సంఖ్యల్లో, పొలం కొలిచే సంఖ్యల్లో అలాంటివి లేవు.

మరో అనుమానం, ఒకే సంఖ్యకు రెండు రూపాలేమిటని. ఇంట్లో బుజ్జిగాడు, హాజరు పట్టీలో ఇంకో పేరు ఉన్న పిల్లవాడు మనిషి ఒక్కడే కదా. అర అన్నా, రెండు పావులన్నా ఒకటే అయినప్పుడు ఎవరికీ నొప్పి లేదు. అలాగే 34 అన్నా 33.999... అన్నా ఒకటే. అరకు 0.5 ఒక పేరైతే 0.4999... ఇంకో పేరు. ఆవర్తన దశాంశాలన్నీ ఇలా పూర్ణాంకాలు కావు సుమా. ఏడో వంతు 0.142857142857... అని ఆ ఆరంకెల చుట్టూనే గానుగెద్దులా తిరుగుతుంది, ఎన్నటికీ పూర్ణాంకం కాదు. తోకంతా తొమ్మిదులైతేనే పైనున్న పూర్ణాంకంలో కలిసేది.

పావు, వీసం, కాణి

ఇక్కడ మాస్టారు దశాంశాలు చెరిపేసి మన పాత భిన్నాలు రాశారు. తెలుగు లెక్కల్లో ఒకటిని పదిగా కాక నాలుగుగా కోసుకుంటూ పోయేవారు. ఒకటిలో నాలుగో వంతు పావు, పావులో నాలుగో వంతు వీసం, వీసంలో నాలుగో వంతు కాణి. అంటే పదహారో వంతు వీసం, అరవైనాలుగో వంతు కాణి. మా నాయనమ్మ వీసమెత్తు బంగారం అనేది గాని, అది పదహారో వంతని ఈ విలేకరికి ఆ రోజు దాకా తెలియదు.

ఇప్పుడు ఆ ఎకరాన్నే ఈ పద్ధతిన పంచుదాం. నాలుగు ముక్కలు చేసి అన్నదమ్ములకు తలా ఒక పావు ఇచ్చి, నాలుగో పావు పక్కన పెడదాం. మిగిలిన పావును మళ్లీ నాలుగు చేసి తలా ఒక వీసం. మిగిలిన వీసాన్ని మళ్లీ నాలుగు చేసి తలా ఒక కాణి. ప్రతిసారీ ముగ్గురికీ సమానంగానే అందుతోంది. పంచకుండా మిగిలే ముక్క 1,210 గజాలతో మొదలై 302, 75, 18 అంటూ తరుగుతూ తొమ్మిదోసారికి అరచేతి కిందకు వచ్చేస్తుంది. అన్నదమ్ములు ముగ్గురూ సమానం, పంచడం ఎక్కడా ఆగదు, మిగులు నిలవదు. కనుక ఒక్కొక్కరికి చేరేది పావు, వీసం, కాణి, ఇంకా అలా కలుపుకుంటూ పోతే కచ్చితంగా మూడో వంతు. ముగ్గురిదీ కలిపితే ముప్పావు, మూడు వీసాలు, మూడు కాణులు, ఇంకా... ఎకరానికి ఎకరం.

ఈ పావులూ వీసాల కూడికనే కేరళలో 1444లో పుట్టిన నీలకంఠ సోమయాజి ఆర్యభటీయానికి రాసిన భాష్యంలో ఎత్తుకొన్నాడు. నాలుగో వంతు, అందులో నాలుగో వంతు, మళ్లీ అందులో నాలుగో వంతు కలుపుకుంటూ పోతే మూడో వంతు అవుతుందంటాడు. అంతటితో ఊరుకుంటే ఆయన గొప్పేమీ లేదు. అంకెలు కలుపుతూనే ఉన్నాం గదా, అది మూడో వంతు దాటిపోదని ఎలా తెలుసు, అక్కడిదాకా చేరుతుందని మాత్రం ఎలా తెలుసు అని తనకు తానే రెండు ప్రశ్నలు వేసుకొన్నాడు. తరగతిలో తక్కువ పక్షం వాళ్లు అడిగింది ఈ రెండో ప్రశ్నే. ఆయన జవాబు దారి కూడా మనం పొలంలో చూసినదే. ప్రతి మెట్టులోనూ మిగిలేది ఎంతో లెక్కగట్టి, అది అంతకంతకూ తరిగిపోతుందని చూపడం. ఐరోపాలో కోషీ 1821లో అవధి అనే మాటతో ఈ భావాన్ని గట్టి పునాది మీద నిలబెట్టాడు. 1872లో డెడెకిండ్, కాంటర్ అసలు సంఖ్య అంటే ఏమిటో నిర్వచించాక వాదానికి తావు లేకపోయింది. సోమయాజి ప్రశ్న వాళ్లకన్నా మూడు వందల ఏళ్లు ముందుది. మన పాఠ్యపుస్తకాల్లో ఆయన పేరు ఈ లెక్క పక్కన ఉంటే పిల్లలు సంతోషించేవారు.

గొలుసు చెప్పిన మాట

ఇంతకీ సెంటు ఏమైంది? పాఠం అయ్యాక ఆ పిల్ల బాధ అదే. మాస్టారు లెక్కలో పోలేదు, తాతయ్య పొలంలో పోయింది.

పొలంలోనూ పోలేదని తేలడానికి రెండు రోజులు పట్టింది. ఊళ్లో పాత కొలతలు తెలిసిన ఒక పెద్దాయన ఉన్నారు. ఆ రోజుల్లో పంపకం గొలుసుతో చేశారనీ, రోడ్డు వెంబడి ముఖం మూడు గొలుసులనీ, తలా ఒక గొలుసు వేసి రాళ్లు పాతారనీ ఆయన గుర్తు చేశారు. సర్వే గొలుసు 66 అడుగులు. మూడు గొలుసులు 198 అడుగులు. నిక్కచ్చి పంపకం. ఆనాడు నేల మీద వెంట్రుకవాసి తేడా లేదు. తేడా వచ్చింది తర్వాత, దస్తావేజు రాసినప్పుడు. గొలుసు వెడల్పు, 220 అడుగుల లోతు ఉన్న ముక్కను సెంట్లలోకి మార్చితే ముప్పైమూడు, ఇంకా సెంటులో మూడో వంతు. రాసినాయన ముప్పైమూడు దగ్గర కలం ఎత్తేశాడు. చుక్కలు పెట్టే అలవాటు దస్తావేజుల్లో లేదు మరి. 1585లో ఐరోపాలో దశాంశాలను ప్రచారంలోకి తెచ్చిన సైమన్ స్టెవిన్ కూడా, పనికి కావలసినంత మేర రాసి ఆపమనే చెప్పాడు. ఆపడం తప్పు కాదు. ఆపిన సంగతి మరిచిపోయి, ఆ తెంపిన ముక్కను ఒక సెంటు భూమిగా వెతుక్కోవడం దగ్గరే ఇక్కడ చిక్కు వచ్చింది.

పిల్ల ఇంకో సంగతి కూడా పట్టుకొంది. సెంట్లలో తెగని ఈ లెక్క గజాల్లోనూ తెగదు. 4,840 గజాలను మూడుతో భాగిస్తే మళ్లీ ఒక గజం మిగిలి మళ్లీ మూళ్ల తోక మొదలవుతుంది. తెలంగాణ వారి గుంటల్లోకి మార్చినా అంతే, నలభై గుంటలు మూడుతో పోవు. అదే చదరపు అడుగుల్లో వేస్తే ఎకరం 43,560. మూడుతో భాగిస్తే 14,520, శేషం సున్నా! ఆ పిల్ల నోట్సు పుస్తకంలో ఈ అంకె చుట్టూ ఎర్ర పెన్నుతో మూడు సున్నాలు చుట్టి ఉంది. అదే నేల, అదే వాటా. ఒక కొలతలో అంతులేని తోక, ఇంకో కొలతలో నిండు సంఖ్య. తోక భూమిది కాదు, నూరుకూ మూడుకూ పొత్తు కుదరకపోవడం వల్ల వచ్చింది.

నోట్సు పుస్తకం చంకన పెట్టుకొని ఆ పిల్ల ముందు పెద్ద తాతయ్య ఇంటికి వెళ్లింది. అరుగు మీద కూర్చోబెట్టి, పప్పుచెక్క చేతికిచ్చి, ఆయన అంతా విన్నారట. విని, "లెక్క సరేనమ్మా, కాయితం మీద ముప్పైమూడే ఉంది గదా" అన్నారట. చిన తాతయ్య అయితే పుస్తకం రెండుసార్లు తిరగేసి 66 అడుగుల దగ్గర ఆగిపోయారు. తన రాయి ఎక్కడుందో ఆయనకు తెలుసు.

కాయితం మీది మాట కొట్టిపారేసేది కాదు. దస్తావేజు లేఖరిని అడిగితే, ముగ్గురూ ఒప్పుకొంటే సవరణ దస్తావేజు రాసుకొని, అందులో హద్దులతో పాటు ఒక్కొక్కరి వాటా 14,520 చదరపు అడుగులని స్పష్టంగా పేర్కొనవచ్చునని చెప్పారు. ఒప్పుకోవడమే మిగిలింది. రెండో ఆయన మాత్రం, సంతకం ఎక్కడ పెట్టమంటే అక్కడ పెడతాను గాని ముందు రాళ్లు వెనక్కి జరగాలి అంటున్నారు. రెండేళ్లలో ఆయన ఈ విషయమై నోరు విప్పడం ఇదే మొదటిసారని ఇంట్లోవాళ్లు చెప్పారు.

కోత అయ్యాక వచ్చే ఆదివారం సర్వేయరును పిలిపించి 66 అడుగులు మూడుసార్లు వేయించాలని అనుకొంటున్నారు. చిన్నాయన గొలుసు ఒక కొస పట్టుకొంటానన్నారు. పెద్దాయన వస్తాను గాని తన గట్టు మీదే నిలబడతానన్నారు. మాస్టారు, ఆ రోజు సెలవు కాబట్టి, తక్కువ పక్షం పిల్లలందరినీ వెంటబెట్టుకొని వస్తున్నారు.